తొందరల వచ్చిన పేరు

నా చిన్నప్పుడు మా పెద్దమ్మ నోట్ల అందరి పేర్లూ తప్పేవి, నా పేరు ఒక్కటి తప్పకపోయేది. ఈ మాట చెప్తే మా మనుమరాలు "మంచిదే గద నానమ్మా, నీ మీద ఎంత ధ్యాస ఉండెనో" అంటది. దానికేం తెలుసు! తప్పు లేకుంట పేరు పెట్టి పిలిపిచ్చుకునుడు ఎంత ఒంటరితనమో పడ్డోళ్లకే ఎరుక.

మా అమ్మ పోయినంక నాయిన నన్ను పోతిరెడ్డిపల్లిల పెద్దమ్మ ఇంట్ల విడిచి పట్నం పోయిండు. ఆయనకు ఆడ బట్టల మిల్లుల పని. ఒక్క మగమనిషి, కిరాయి అర్ర, వండిపెట్టే దిక్కు లేదు, ఆడపిల్లను ఎట్ల సాకుతడు? పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్కనే, పరాయి మనిషేం కాదు. అయినా బట్టల మూట చంకల పెట్టుకోని ఆ వాకిట్ల నిలబడ్డప్పుడు నాకు ఏడుపు ఆగలే. నాయిన ఎనకకు తిరిగి చూడకుంట పోయిండు. చూస్తే తను గూడ ఏడుస్తడని చూడలేదని నాకు పెద్దయినంక తెలిసింది గాని, ఆ పొద్దు మాత్రం మస్తు కోపమొచ్చింది.

నాకు అప్పుడు ఏడెనిమిదేండ్లు ఉంటయేమో. ఇప్పుడు పోతిరెడ్డిపల్లి అంటే సంగారెడ్డిల కలిసిపోయింది, ఎటు చూసినా మేడలే. ఆ కాలంల సంగారెడ్డికి పోవాల్నంటే చేన్ల నడుమ నుంచి నడుసుడే. పటాన్‌చెరు దిక్కు ఇప్పుడున్న ఫ్యాక్టరీలు గిట్ట ఒక్కటీ లేకుండె. చలికాలం పొద్దుగాల ఊరి మీద పొగ కనపడ్డదంటే ఎవరో బెల్లం వండుతున్నరని లెక్క.

మా పెద్దమ్మ తొందర మనిషి. కూసోని అన్నం తినంగ నేను చూసింది తక్కువ. ఆమెకు ముగ్గురు పిల్లలు. పెద్దోడు రాములు, నడిమిది సత్తెమ్మ, చిన్నోడు మల్లేశు. ఆమెకు సత్తెమ్మ కావాల్నంటే నోట్ల నుంచి ముందుగాల రాములు ఎల్లేటోడు, వాని ఎనక మల్లేశు, ఆ తర్వాత "నీ పాడుగాను, ఏందే నీ పేరు" అని ఓ తిట్టు, అన్నీ అయినంక ఆఖరుకు సత్తెమ్మ. మల్లేశు పాలచెంబు ఒలకపోస్తే రాములును తిట్టుకుంట మల్లేశు వీపు మీద సరిచేది. వాళ్లకు అదంత అలవాటే. ఎవరి పేరు వినపడ్డా ముగ్గురూ లేసి ఉరికేటోళ్లు, అక్కడికి పోయినంక ఎవరు కావాల్నో తేలేది.

నన్ను పిలిచేటప్పుడు మాత్రం ఆమె ఆగేది. చేతుల పని ఆపి, నా దిక్కు తిరిగి, నా పేరు పూర్తిగ, మెల్లగ పలికి, ఎనక "బిడ్డా" అని కలిపేది. మొదట్ల నేను దానికి మురిసిపోయిన. సత్తెమ్మకు గూడ కడుపుమంట, నన్ను ఒక్కనాడన్న అట్ల పిలిచిందా అని మూతి ముడుచుకునేది. కొన్ని దినాలైనంక ఓ మునిమాపు నేను గోడ పక్కన కూసోని ఉన్న. పెద్దమ్మ తలుపుల నిలబడి అన్నానికి పిలిచింది. ముగ్గురి పేర్లు ఒకదాని మీద ఒకటి పడుకుంట ఒక్క గుక్కల వచ్చినయి. వాళ్లు లోపలికి ఉరికిన్రు. ఆమె నాలుగడుగులేసి నా తానకు వచ్చి, నా పేరు పిలిచి, "నువ్వు గూడ రా బిడ్డా" అన్నది.

ఆ "గూడ" అన్న మాట నా గుండెల దిగింది. దావత్ల చుట్టాలను అన్నానికి లేపేది గూడ గిట్లనే గద అనుకున్న. ఇంట్ల పిల్లలను ఎవరన్న అంత మర్యాదగ పిలుస్తరా?

ఆమె నాకేం తక్కువ చెయ్యలే. తక్కువ చేస్తే కొట్లాడుదును, ఎవరికన్న చెప్పుకోని ఏడుద్దును. నా పళ్లెంల నెయ్యి వాళ్ల కన్న ఓ చుక్క ఎక్కువనే ఉండేది. ఆదివారం తలకు నూనె రాస్తే ముందు నాకే రాసేది. ఒక్క దెబ్బ కొట్టలే, ఒక్క తిట్టు తిట్టలే. రాములుకు, మల్లేశుకు వీపులు పగులుతుంటే నేను ఓ మూల నిలబడి, నన్నొక్కసారి కొడితే బాగుండు అనుకునేదాన్ని. నవ్వుతరేమో. నాకు మాత్రం ఇప్పుడు గూడ నవ్వు రాదు.

ఆ ఇంట్ల ఇంకో పేరు ఉండె, దాన్ని ఎవ్వరూ తియ్యకపోయేటోళ్లు. పెద్దమ్మకు నా ఈడు బిడ్డ ఒకతి ఉండెనట. నేను రాక ముందటేడు అమ్మోరు పోసి చచ్చిపోయింది. సత్తెమ్మ ఒకనాడు నా చెవుల చెప్పి, ఆ పేరు అమ్మ ముందట అన్నవంటే చంపుతనని ఒట్టు పెట్టించుకున్నది. ఊర్ల అదే పేరు పిల్ల ఇంకొకతి ఉండె. బజాట్ల దాన్ని ఎవరన్న కేకేస్తే పెద్దమ్మ చేతుల పని కిందబెట్టి ఇంట్లకు పోయేది. నేను ఆ పేరు ఈడ చెప్ప. అది ఆ ఇంటోళ్లది.

నాకు మనసు విప్పి మాట్లాడే మనిషి ఒక్కతే ఉండె, గోడ అవుతల ఖాలా. తుర్కోళ్ల ఇల్లు, ఇంటి ముందటర్రల చిన్న కిరాణం దుకాణం. ఆమె ఇంటాయనను మేం చాచా అందుము. ఆయన సరుకు కోసం సంగారెడ్డికి, సదాశివపేటకు తిరిగేటోడు, దుకాణం ఖాలా చూసుకునేది. వాళ్లకు పిల్లలు లేరు. నేను పోయి ఉప్పు బస్తా మీద కూసుంటే ఎందుకొచ్చినవని ఎన్నడూ అడగకపోయేది. ఓ బెల్లం ముక్క చేతుల పెట్టి తన పని తను చేసుకునేది. 

ఆ చలికాలం పెద్దమ్మ ఇంటాయన, మా పెద్దబాపు, చేన్ల చెరుకు గానుగ ఆడించిండు. ఎడ్లు గానుగ చుట్టు తిరుగుతుంటే రసం కుండలల్ల పడుతది, దాన్ని పెద్ద పెనంల పోసి, చెరుకు పిప్పి మంట మీద కాస్తరు. పాకం చూసే పని మా పెద్దమ్మది. కాగుతున్న రసం నుంచి ఓ చుక్క తీసి నీళ్ల ముంతల ఏసి, ఏళ్లతోని నలిపి చూసి, "దించుండ్రి" అంటది. ఆ మాట ఆమె నోట్ల నుంచి వచ్చినంక ఇగ ఎవ్వరూ ఆగరాదు. జెర లేటయితే బెల్లం మాడుతది. నలుగురు మొగోళ్లు పెనం కడాలకు కట్టెలు దూర్చి లేపి, మసిలే పాకాన్ని ఉరుకుతున్నట్టె తీసుకపోయి చెక్క తొట్టిల పోస్తరు. అంతసేపూ అరుపులే, జరుగుండ్రి జరుగుండ్రి అని.

పిల్లలంత పెనం ఇవుతల గుంపుగ నిలబడ్డరు. నాకు గుంపుల దూరుడు చాతగాక తొట్టి దిక్కు పోయి, ఒక్కదాన్నే నిలబడి, ఎడ్ల దిక్కు చూస్తున్న. పెద్దమ్మ "దించుండ్రి" అన్నది నాకు వినరాలే. నలుగురూ పెనం ఎత్తుకోని వస్తున్నరు. ముందటోళ్లిద్దరు ఎనక ఎనకకు నడుస్తున్నరు, వాళ్లకు నేను కనపడ. అప్పుడు పెద్దమ్మ ఓ కేక పెట్టింది. ఆ కేకల ఒక పేరు ఉన్నది. నా పేరు కాదు. చచ్చిపోయిన పిల్ల పేరు.

నేను తిరిగి చూసేటాలకే ఆమె వచ్చి నా రెక్క వట్టి గుంజి పిప్పి కుప్ప మీద విసిరేసింది. నా పక్కపొంటి పెనం పోయింది, ఆ సెగ నా కాళ్లకు తాకింది. పాకం తొట్టిల పడ్డది. పెద్దబాపు కట్టె పట్టుకోని అట్లనే నిలబడ్డడు. సత్తెమ్మ తెరిచిన నోరు మూయలే. పెద్దమ్మ నా దిక్కు చూసింది, కొంగు నోట్ల కుక్కుకున్నది, బాయి దిక్కు పోయింది. పిల్లను కాపాడిన మనిషి మొఖం లెక్క లేదది. ఏదో తప్పు చేసి దొరికిపోయిన మొఖం లెక్క ఉండె.

నా మోచెయ్యి గీరుకపోయింది. దాని నొప్పి నాకు తెల్వలే. నాకు ఒక్కటే సమజైంది. పానం పోయే యాళ్ల గూడ నా పేరు ఆమె నోటికి రాలే. ఆమె ఉరికింది తన బిడ్డ కోసం, నా కోసం కాదు. నేను ఆ తావుల నిలబడ్డ గాని ఆమె కండ్లకు నేను లేను. ఇగ ఈ ఇంట్ల నాకేం పని, పట్నం పోయి మా నాయిన అర్రలనే పడి ఉంట అనుకోని, చేను నుంచి ఎవ్వరికీ చెప్పకుంట ఊర్లకు ఉరికొచ్చిన.

ఖాలా దుకాణంల కాలు పెట్టంగనే నన్ను పట్నం బస్సు ఎక్కించమని చాచాకు చెప్పు అన్న. ఎక్కిళ్ల నడుమ జరిగిందంత చెప్పిన. ఖాలా మోచేతికి పసుపు అద్దింది. పోవద్దని అనలే.

"పోదువు తియ్యి బేటీ. అందాక ఈ డబ్బాల మూతలు తియ్యి, నాకో పనుంది" అన్నది.

చెక్క పలక మీద వరుసగ రేకు డబ్బాలు ఉండె. మూతలు తీసిన. జీలకర, సోంపు, వాము, ధనియాలు, మెంతులు, ఆవాలు. నేను రోజూ చూసేటివే, కండ్లు మూసుకోని వాసనతోని చెప్పగలను. ఖాలా గరిటెతోని ఒక్కొక్క డబ్బా మీద కొట్టి ఇదేంది అని అడిగింది. ఏడ్చుకుంటనే మెల్లగ అన్నీ చెప్పిన. ఒక్కటి తప్పలే. "ఇప్పుడు జల్దీ చెప్పాలె. ఆగొద్దు, సోచాయించొద్దు" అని, గరిటెతోని ఇటు అటు టకటక కొట్టబట్టింది. జల్దీ, జల్దీ అని మీదికెల్లి గదమాయింపు. నాలుగైదు దెబ్బల దాక సంబాళించుకున్న. ఆ తర్వాత సోంపును జీలకర అన్న. మెంతులను ధనియాలు అన్న. అది తప్పని తెలుస్తనే ఉన్నది, అయినా నోరు నా మాట వినకుంట ఉరుకుతున్నది. వామును ఆవాలు అనేటాలకు ఏడుపు పోయి నవ్వొచ్చింది. ఖాలా గూడ పొట్ట పట్టుకోని నవ్వింది.

నవ్వు ఆగినంక గరిటె పక్కకు పెట్టింది.

"సోంపును జీలకర అన్నవు. మరి గాసునూనె అని ఎందుకనలే? చీపురు అని ఎందుకనలే? అవి గూడ ఈ దుకాణంలనే ఉన్నయి గద" అన్నది.

అవి ఎట్లొస్తయి ఖాలా అన్న.

"రావు. మనిషి నిదానంగ ఉంటే ఏ పేరు కావాల్నంటే ఆ పేరు ఏరుకోని తీస్తది. తొందరల ఏరుడుండదు బేటీ. చెయ్యి వడ్డ కాడ ఏది దొరికితే అది బయటికొస్తది. అయితే ఆ చెయ్యి ఎక్కడ వడ్డదో చూడాలె. మీ పెద్దమ్మ నాకు ఇన్నేండ్ల సంది ఎరుక. రాములును మల్లేశు అంటది, మల్లేశును సత్తెమ్మ అంటది. మీ జీతగాడు పొద్దంత ఇంట్లనే తిరుగుతడు, ఒక్కనాడన్న రాములును ఆ జీతగాని పేరు వెట్టి పిలిచిందా? నన్ను సత్తెమ్మ అని పిలిచిందా? ఆమె కడుపుల పిల్లల పేర్లన్నీ ఒక్క తాన ఉన్నయి. ఇయ్యాల నీ కోసం చెయ్యి వెడితే ఆడికే పోయింది. నువ్వు ఆడ లేకపోతే చెయ్యి ఆడికి ఎందుకు పోతది?"

నేను నమ్మలేదు. నమ్మాల్నని మాత్రం మస్తు ఉండె. నీకెవరి పేర్లు తప్పుతయి ఖాలా అని అడిగిన. పిల్ల బుద్ధి, ఏదో ఒకటి అడగాల్నని అడిగిన. ఖాలా డబ్బాల మూతలు ఒక్కొక్కటి పెట్టుకుంట, నా దిక్కు చూడకుంట చెప్పింది.

"ఇంటాయన పేరు నేను తియ్యరాదు. పిల్లలు లేరు. ఇగ నాకు ఎవరి పేరు తప్పుతది బేటీ?"

మిగిలిన మూతలు నేను పెట్టిన. ఆ దుకాణంల ఆ పూట మేమిద్దరం కూసున్నట్టు నేను మళ్ల ఎవరితోని కూసోలే.

పొద్దుగూకినంక పెద్దమ్మ నన్ను ఎతుక్కుంట వచ్చింది. దుకాణం మెట్టు కాడ నిలబడి నా పేరు పిలిచింది. ఎప్పటి కన్న మెల్లగ, ఎప్పటి కన్న పద్ధతిగ. లేసి ఆమె ఎనక పోయిన. పట్నం పోతనని మళ్ల అనలే, పోనని గూడ అనలే.

ఆ తర్వాత ఆమె నన్ను పేరు పెట్టి పిలుచుడే తక్కువ చేసింది. మళ్ల ఆ పేరు వస్తదని భయమేమో పాపం. ఏదన్న చెప్పాల్నంటే సత్తెమ్మతోని చెప్పించేది, లేకుంటే "ఇగో" అనేది. నాకు ఖాలా మాట పట్టుకున్నది. పెద్దమ్మను ఎట్లన్న తొందర పెట్టాలె, మళ్ల ఒక్కసారి నా పేరు తప్పాలె అని కావాల్నని కోళ్లగంప ఎత్తిపెట్టిన, దూడను తల్లి కాడికి ఇడిచిపెట్టిన. ఆమె ఉరుకొచ్చి రాములును, మల్లేశును కలిపి తిట్టి, తనే పోయి కోళ్లను తోలుకొచ్చేది. వాళ్లు చెయ్యని తప్పుకు దెబ్బలు తినేటోళ్లు. నన్ను ఒక్క మాట అనకపోయేది.

చెరుకు పని ఒడిసి, మిరపకాయలు ఎండబోసే కాలం వచ్చింది. వాకిలంత ఎర్రగ పరిసి ఉండె. పైటాల దాక ఎండ మంచిగనే కాసింది. ఉన్నట్టుండి మబ్బు కమ్మి, పెద్ద పెద్ద చినుకులు పడబట్టినయి. మిరపకాయ తడిస్తే నల్లబడి బూజు పడుతది, ఏడాది రెక్కల కష్టం మట్టిల కలుస్తది. నేను కొట్టంల బర్రె తాన ఉన్న. బయట పెద్దమ్మ అరుస్తున్నది. రాములూ, మల్లేశూ, సత్తెమ్మా అని ఒక్క గుక్కల వచ్చినయి, వాటి ఎనకనే, ఆగకుంట, ఆ పేరు గూడ వచ్చింది.

వచ్చినంక ఆమె గొంతు ఆగిపోయింది. కొట్టం తడిక సందుల నుంచి నాకు కనపడుతున్నది. చేటలు పట్టుకోని వాకిట్లకొచ్చిన ముగ్గురూ వానల అట్లనే నిలబడ్డరు. పెద్దమ్మ మిరపకాయల నడుమ నిలబడ్డది. ఆ పేరుకు పలికేటోళ్లు ఆ ఇంట్ల ఎవ్వరూ లేరు. చినుకులు కాయల మీద టపటప పడుతున్నయి, ఒక్కరూ కదలరు.

నాకు ఏ ధైర్యం వచ్చిందో తెల్వదు.

"ఆఁ పెద్దమ్మా, వస్తున్న!" అని కేకేసి, కొట్టంల నుంచి ఉరికిన.

ఆమె నన్ను చూసింది. ఒక్క రెప్పపాటు ఏడుస్తదో కొడుతదో తెల్వలే.

"ఇంతసేపు ఏడ సచ్చినవే దొంగమొఖందానా! గంప తే, ఉరుకు!" అన్నది.

అబ్బ! ఆ తిట్టుకు నా పానం లేసొచ్చింది. ఆ వానల నేను ఎత్తినన్ని మిరపకాయలు రాములు గూడ ఎత్తలే. కండ్లల్ల మంట, ముక్కుల మంట, ఎవరు ఏడుస్తున్నరో ఎవరికి మంట పుడుతున్నదో తెల్వకుంట అందరం కొంగులతోని, గంపలతోని లోపలికి మోసినం. అయినా సగం తడిసినయి. పెద్దబాపు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నడు. పెద్దమ్మ మాత్రం గడప మీద కూలబడి, ఇన్ని దినాలు ఆపుకున్నదంత బయటికొచ్చినట్టు ఏడ్చింది. ఏడ్చుకుంటనే ఆ పిల్ల ముచ్చట్లు చెప్పబట్టింది. అది గూడ కోళ్లగంప ఎత్తిపెట్టేదట, దానికి గూడ నా లెక్కనే అన్నంల పెరుగు వేస్తే నచ్చకపోయేదట. సత్తెమ్మ, రాములు గూడ ఒక్కొక్కటి యాది చేసి చెప్పిన్రు. నేను పెద్దమ్మ ఒళ్ల తల పెట్టి విన్న.

ఆ దినం నుంచి నా పేరుకు ఉన్న మర్యాదంత పోయింది. నన్ను మల్లేశు అన్నది, రాములు అన్నది, ఒక్కోసారి మూడు పేర్లు దాటినంక గాని నా దాక రాకపోయేది. నా వీపుకు గూడ దెబ్బలు పడ్డయి. ఆ పిల్ల పేరు మీద నేను ఎన్నిసార్లు పలికిననో లెక్క లేదు. నాయిన పట్నం నుంచి చూడవస్తే, పోదామా బిడ్డా అని అడిగితే, ఈడనే ఉంట అన్న.

ఇప్పుడు నన్ను తప్పు లేకుంట పిలిచేది ఆస్పత్రి నర్సులు, బ్యాంకు పిల్లలు. ఇంటిపేరుతో సహా పూర్తిగ చదువుతరు. నా పేరు పెట్టి పిలిచే నా ఈడు మనుషులు ఒక్కరూ మిగలలే. మా కోడలు చదువుకున్న పిల్ల, మంచి పిల్ల. పెండ్లయి వచ్చిన కాడి నుంచి నన్ను "అత్తమ్మగారూ, మీరు తిన్నరా, మీరు పడుకున్నరా" అనుడే. ఒక్క మాట అటిటు పోదు. ఆ మర్యాదకు ఎవరికీ చెప్పుకోలేక నేను లోపల్లోపల ఎంత నలిగిననో నాకే ఎరుక.

మొన్న కోడలు మా చిన్న మనుమరాలికి స్నానం చేపిస్తున్నది. వంటింట్ల పాలు పొంగే వాసనొచ్చింది. "మమ్మీ, స్టవ్ బంద్ చెయ్ జల్దీ!" అని బాత్రూంల నుంచి అరిచింది. వాళ్లమ్మను పిలిచినట్టే పిలిచింది. ఒక్క క్షణమాగి, "సారీ అత్తమ్మగారూ, తొందరల ఏదో వచ్చేసింది" అన్నది. దిద్దుకోకు బిడ్డా అన్న. అప్పటికే స్టవ్ బంద్ చేసిన.